బెళ్లందూరు నురగ ఎక్కడిది, ఎక్కడికి పోతోంది?

2018 జనవరి 19న బెంగళూరులోని బెళ్లందూరు చెరువులో మంటలు లేచాయి. అగ్నిమాపక శకటాలు చాలక సుమారు 5,000 మంది సైనికులు దిగాల్సి వచ్చింది. పూర్తిగా చల్లారడానికి ఒక రోజుకు పైగా పట్టింది. అంతకు ముందు 2015 మేలో అదే చెరువు నురగ అంటుకుంది, 2017 ఫిబ్రవరిలో మళ్లీ పొగలు కమ్మాయి. నీళ్లున్న చోట నిప్పేమిటని దేశమంతా నివ్వెరపోయింది.

కాలింది నీళ్లు కావు. ఏళ్ల తరబడి పేరుకున్న పూడిక మీద గడ్డి, గుర్రపుడెక్క దట్టంగా మొలిచి, వానలు వెనకబట్టాక నిలువునా ఎండిపోయాయి. గట్ల మీద చెత్త పోయడం, దాన్ని తగలబెట్టడం అక్కడ రోజూ జరిగే పనే. అడుగున గాలి తగలకుండా కుళ్లుతున్న బురద నుంచి మీథేన్ వాయువు పైకి వస్తూనే ఉంటుంది. ఎండుగడ్డి, చెత్త, మీథేన్ మూడూ ఒకే చోట ఉన్నాక నిప్పు అంటుకోవడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఆరా తీయాల్సింది వేరే ఉంది. సుమారు 900 ఎకరాల చెరువులో గడ్డి మొలిచి ఎండిపోయేంత పూడిక ఎలా చేరింది? ఏప్రిల్ ఎండల్లో కూడా అలుగు దగ్గర నురగ కట్టేంత నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

బెంగళూరుకు చెప్పుకోదగ్గ నది లేదు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, ఒక మిట్ట మీద కట్టుకున్న ఊరు ఇది. ఇక్కడ పడిన వాన మూడు లోయల్లోకి జారుతుంది. హెబ్బాళ లోయ, కోరమంగల–చల్లఘట్ట లోయ తూర్పు వైపు దక్షిణ పినాకినికి పోతాయి. వృషభావతి లోయ నీళ్లు అర్కావతిలో కలిసి కావేరికి చేరతాయి. ఈ లోయల పొడవునా పాత తరాలవాళ్లు గొలుసుకట్టుగా చెరువులు తవ్వారు. పై చెరువు నిండి అలుగు పారితే, చిత్తూరు, అనంతపురం వైపు మాటలో మొరవ పోతే, ఆ నీళ్లు రాజకాలువలో, అంటే చెరువులను కలిపే పెద్ద వాననీటి కాలువలో పడి కింది చెరువుకు చేరేవి. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ఎంత వదలాలో నీరుగంటి చూసుకునేవాడు. రాయలసీమ పల్లెల్లో, కోలారు పల్లెల్లో ఇప్పటికీ ఈ మాటలన్నీ వాడుకలో ఉన్నాయి కాబట్టి బెంగళూరు చెరువు ఎలా పనిచేసేదో తెలుగువాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ చెరువులన్నీ వానాకాలం చెరువులు. కార్తీకంలో నిండుగా ఉండి, వేసవికి అడుగు తేలేవి. రైతులు ఒండ్రుమట్టి తోలుకుని పొలాలకు వేసుకునేవారు. అంటే ఏటా పూడిక తీత దానంతట అదే జరిగిపోయేది. నగరం పెరిగాక ఆయకట్టు పోయింది, ఆయకట్టు లేని చెరువును పట్టించుకునే నాథుడు లేకుండా పోయాడు. ధర్మాంబుధి చెరువు మెజెస్టిక్ బస్టాండు అయింది. సంపంగి చెరువు ఉన్నచోట కంఠీరవ స్టేడియం లేచింది. మిగిలిన చెరువులకు ఇంకో రకం మార్పు వచ్చింది. ఎండిపోవాల్సిన చెరువులు ఏడాది పొడవునా నిండుగా ఉండడం మొదలైంది.

ఆ నీళ్లు కావేరివి, బోర్లవి. సుమారు 100 కిలోమీటర్ల అవతల నుంచి, దాదాపు అర కిలోమీటరు ఎత్తుకు, దశలవారీగా పంపు చేసి నగరానికి కావేరి నీళ్లు తెస్తున్నారు. 2024 అక్టోబరుకు ముందే ఇలా వచ్చేవి రోజుకు సుమారు 145 కోట్ల లీటర్లు. ఆ నెలలో ప్రారంభమైన ఐదో దశ మరో 77.5 కోట్ల లీటర్లు కలిపింది. దీనికి బోర్ల నీళ్లు, ట్యాంకర్లు అదనం. ఇంట్లో వాడిన నీళ్లలో దాదాపు ఐదింట నాలుగు వంతులు మురుగై బయటికి వస్తాయని ఇంజనీర్ల లెక్క. ఎక్కించిన నీళ్లు దిగక తప్పదు. దిగే దారి పాత రాజకాలువే. నగరం మురుగులో సుమారు 40 శాతం కోరమంగల–చల్లఘట్ట లోయ మీదుగా బెళ్లందూరు వైపే పోతుంది. అక్కడి నుంచి వర్తూరు చెరువుకు, ఆపైన దక్షిణ పినాకినికి. కాబట్టి కావేరి కొత్త దశ గురించి మాట్లాడిన ప్రతిసారీ దాని వెంట వచ్చే మురుగు గురించీ మాట్లాడాలి. తాగునీటి పథకానికి పెట్టే శ్రద్ధలో సగమైనా మురుగుకు పెట్టకపోవడమే ఇక్కడ మొదటి తప్పు.

ఇక చెరువు లోపల జరిగేది. ఇది కొంచెం నిదానంగా చూడాల్సిన సంగతి. చేసే పనులు చాలా వరకు ఎందుకు ఫలించడం లేదో ఇక్కడే తెలుస్తుంది.

నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు చాలా తక్కువ. బెంగళూరు ఎత్తులో, అక్కడి వేడిమికి, లీటరుకు 7 మిల్లీగ్రాములకు అటూ ఇటూ మించి పట్టదు. చేపలు హాయిగా బతకాలంటే కనీసం 4 ఉండాలి. ఇళ్ల నుంచి వచ్చే పచ్చి మురుగులోని సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు కుళ్లబెట్టడానికి లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కావాలి. అంటే ఒక్క లీటరు మురుగు, సుమారు ముప్పై నుంచి నలభై లీటర్ల మంచినీటిలో ఉన్న ప్రాణవాయువంతా తాగేస్తుంది. బెళ్లందూరులో పడే మురుగుకు అన్ని రెట్ల మంచినీళ్లు ఏ వానా ఇవ్వలేదు. కనుక చెరువు అడుగు భాగంలో ప్రాణవాయువు సున్నా. అక్కడ కుళ్లడం ఆగదు, దాని తీరు మారుతుంది. మీథేన్, కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతాయి. చెరువు పక్కనున్న యమలూరు వైపు అపార్ట్‌మెంట్లలో కిటికీలు మూసుకోవాల్సి వచ్చిన వాసన ఇదే.

రెండోది భాస్వరం. మనిషి మలమూత్రాల్లోనూ, కొన్ని డిటర్జెంట్లలోనూ ఉంటుంది. చెరువులో నాచు అదుపు తప్పడానికి లీటరుకు 0.03 మిల్లీగ్రాములు దాటితే చాలు. మురుగులో అది కొన్ని మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే వంద రెట్లకు పైమాటే. ఒక గ్రాము భాస్వరం సుమారు వంద గ్రాముల నాచును పుట్టించగలదు. పాత పద్ధతి శుద్ధి కేంద్రాలు కుళ్లే పదార్థాన్ని బాగానే తగ్గిస్తాయి, భాస్వరం, నత్రజనిలో చాలా భాగాన్ని మాత్రం అలాగే వదిలేస్తాయి. అందుకే శుద్ధి చేసి వదిలిన నీళ్లు పడే చెరువు కూడా ఆకుపచ్చగా చిక్కబడుతుంది. కంటికి తేటగా కనిపించే నీళ్లు వదిలాం, ఇంకా నాచు ఎందుకు వస్తోందని అడిగేవారికి జవాబు ఇదే.

నాచు పట్టిన చెరువులో ప్రాణవాయువు గంటగంటకూ మారుతుంది. మధ్యాహ్నం ఎండలో నాచు విపరీతంగా ప్రాణవాయువు వదులుతుంది, కొలిస్తే అంకెలు బ్రహ్మాండంగా వస్తాయి. రాత్రంతా అదే నాచు దాన్ని పీల్చుకుంటుంది. తెల్లవారుజామున కొలిస్తే సున్నాకు దగ్గర. మబ్బు పట్టి రెండు రోజులు ఎండ లేకపోయినా, మొదటి వానకు రాజకాలువలోని మురికంతా ఒక్కసారిగా కొట్టుకొచ్చినా, తెల్లారేసరికి చేపలు పొట్టలు తేలేసి గట్టుకు చేరతాయి. 2016 మార్చిలో హలసూరు చెరువులో వేలకొద్దీ చేపలు చచ్చి తేలాయి. అలాంటప్పుడు ఎవరో విషం కలిపారన్న అనుమానం ముందు వస్తుంది. చాలాసార్లు విషం కలపక్కర్లేదు, ఊపిరి అందకపోతే చాలు. చెరువు నీటి పరీక్ష అన్నప్పుడు నమూనా ఏ గంటకు తీశారో చెప్పని అంకెను నమ్మడం కష్టం.

ఇప్పుడు నురగ. బట్టల సబ్బుల్లో, పొడుల్లో నురగ పుట్టించే రసాయనాలు గాలి తగిలే చోట సూక్ష్మజీవుల చేతిలో విరిగిపోతాయి. గాలి లేని చోట విరగవు. ప్రాణవాయువు లేని బెళ్లందూరు నీటిలో అవి విరగకుండా, కొంత భాగం అడుగు బురదకు అంటుకుని కూర్చుంటుంది. పెద్ద వాన వచ్చి బురద కలిగితే అదంతా మళ్లీ నీటిలోకి లేస్తుంది. వానకు పలచబడాల్సిన మురికి వానాకాలంలోనే ఎందుకు ఎక్కువ నురగ కక్కుతుందో భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు ఈ తీరుగానే వివరించారు. బురద రేణువులు, కొన్ని రకాల బ్యాక్టీరియా తోడై ఆ బుడగలు పగలకుండా పట్టి ఉంచుతాయి. యమలూరు దగ్గర అలుగు మీద నుంచి నీళ్లు కిందికి దూకేచోట, కవ్వంతో చిలికినట్టు గాలి కలిసి, తెల్లటి నురగ మనిషి ఎత్తును దాటి లేచేది. గాలి వీస్తే ముక్కలు ముక్కలుగా ఎగిరి రోడ్డు మీద ద్విచక్రవాహనాల మీద పడేది. చర్మానికి తగిలితే దురద. నురగ ఎగిరిపోకుండా గట్టు వెంట వలలు కట్టారు, నీళ్లు చల్లే గొట్టాలు పెట్టారు. అవి నురగను అణిచాయి, నురగకు మూలమైన దాన్ని ముట్టుకోలేదు.

చెరువు శుభ్రత పేరుతో జరిగే పనుల్లో ఎక్కువ భాగం ఈ కోవలోవే. గుర్రపుడెక్క తీయించడం మంచి పనే, ఎందుకంటే ఆ మొక్క నీటిలోని భాస్వరాన్ని, నత్రజనిని తనలోకి లాక్కుంటుంది. తీసిన దాన్ని వెంటనే దూరంగా తరలిస్తేనే ఆ లాభం. గట్టు మీద కుప్పపోసి వదిలేస్తే మొదటి వానకు కుళ్లిన రసమంతా తిరిగి చెరువులోకే. నీటిని ఎగజిమ్మే ఫౌంటెన్లు చుట్టూ కొన్ని గజాల మేర పైనీటికి గాలి కలుపుతాయి. రోజూ కోట్ల లీటర్ల మురుగు పడే చెరువుకు అవి ఏ మూలకు? పచ్చి మురుగు లోపలికి వస్తుండగా పోసే సూక్ష్మజీవుల మందులదీ అదే కథ. నడకదారి, ఇనుప కంచె, దీపాల పనులు చెరువును మనుషులకు దగ్గర చేస్తాయి, ఆక్రమణను కొంత ఆపుతాయి. నీటి నాణ్యత మీద వాటి ప్రభావం శూన్యం. అయినా చెరువు అభివృద్ధి బడ్జెట్లలో వీటికే పెద్దపీట, ఎందుకంటే ప్రారంభోత్సవం నాడు కనిపించేవి ఇవే.

పూడిక తీత మాత్రం వేరు. అడుగు బురదలో దశాబ్దాల భాస్వరం ఇనుముతో కలిసి బందీగా ఉంటుంది. ప్రాణవాయువు లేనప్పుడు ఆ బంధం విడిపోయి భాస్వరం తిరిగి నీటిలోకి వస్తుంది. కాబట్టి మురుగు పూర్తిగా ఆపేసినా, పాత బురద ఉన్నంత కాలం చెరువు తనను తానే పాడుచేసుకుంటూ ఉంటుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2018 డిసెంబరులో కర్ణాటక ప్రభుత్వానికి 50 కోట్ల రూపాయల జరిమానా వేసి, చెరువుల పనుల కోసం 500 కోట్లు విడిగా పెట్టమని ఆదేశించింది. ఆ తర్వాత బెళ్లందూరు, వర్తూరు చెరువుల్లోకి వచ్చే మురుగును పక్క కాలువ తవ్వి మళ్లించి, నీళ్లు తోడి, పూడిక తీత మొదలుపెట్టారు. గడువుల మీద గడువులు దాటాయి గానీ, పని వరస మాత్రం సరైనదే. భయమల్లా ఒకటే. పక్క కాలువలోకి మళ్లిన మురుగు మాయం కాలేదు, చెరువును దాటి కిందికి పోయింది. పూడిక తీసిన చెరువులోకి రేపు అదే మురుగు తిరిగి వస్తే పెట్టిన ఖర్చంతా కొన్నేళ్లలో బురదలో కలుస్తుంది.

మురుగు రాజకాలువలోకి ఎందుకు పడుతోంది? శుద్ధి కేంద్రాలు లేకపోవడం ఒక్కటే కారణం కాదు, ఉన్నవాటికి చేరే దారి తెగి ఉండడం అంతకంటే పెద్ద కారణం. 2007లో 110 గ్రామాలను నగరంలో కలిపారు. మహదేవపుర వైపు ఐటీ కంపెనీలూ, పీజీలూ, అపార్ట్‌మెంట్లూ ఆ గ్రామాల పొలాల్లోనే లేచాయి. భవనాలు ముందొచ్చాయి, భూగర్భ మురుగు పైపు చాలా ఏళ్ల తర్వాత గానీ రాలేదు. ఈలోగా ఎవరి గొట్టం వాళ్లు వాననీటి కాలువలో పెట్టుకున్నారు. మ్యాన్‌హోల్ పూడిపోతే పక్కనున్న రాజకాలువలోకి గండి కొట్టి పని కానిచ్చేసిన చోట్లూ ఉన్నాయి. సెప్టిక్ ట్యాంకులు తోడే లారీలు రాత్రిపూట ఎక్కడ ఖాళీ చేస్తాయో చూసేవాళ్లు తక్కువ. 2022 సెప్టెంబరు వరదలకు అవుటర్ రింగ్ రోడ్డు మునిగి, యమలూరులో ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయినప్పుడు తెలిసింది, రాజకాలువ ఇరుకైతే ఏమవుతుందో. ఆ వరదనీళ్లు నల్లగా ఎందుకున్నాయన్న ప్రశ్న మాత్రం నీళ్లతో పాటే పోయింది.

మారతహళ్లి, బెళ్లందూరు, వర్తూరు, వైట్‌ఫీల్డ్ చుట్టూ తెలుగు కుటుంబాలు లెక్కకు మిక్కిలి. అనంతపురం, కర్నూలు, చిత్తూరు నుంచి, గుంటూరు, హైదరాబాద్ నుంచి వచ్చి అప్పు చేసి ఫ్లాటు కొనుక్కున్నవాళ్లు. లేక్ వ్యూ అని చెప్పి అడుగుకు ఇంత అదనంగా కట్టించుకున్న ఇళ్లూ వాటిలో ఉన్నాయి. పెద్ద అపార్ట్‌మెంట్లకు సొంత శుద్ధి కేంద్రం ఉండాలన్నది నియమం. ఇళ్ల యజమానులు ఒక్కసారి సెల్లార్‌లోకి దిగి చూడాల్సిన చోటు అది. తలుపు తీయగానే ముక్కు మూసుకోవాల్సి వస్తే ఏదో సరిగా లేదన్నమాటే. సరిగా నడిచే ట్యాంకులో నీళ్లు లేత గోధుమరంగులో, సన్నటి బుడగలతో తెర్లుతూ ఉంటాయి, తడిమట్టి వాసన వస్తుంది. నల్లగా మారి, బుడగ లేకుండా నిలిచి ఉంటే గాలి పంపే బ్లోయర్ ఆపేశారని అర్థం. ఆ బ్లోయర్ కరెంటు బిల్లే శుద్ధి ఖర్చులో పెద్ద వాటా. అందుకే మెయింటెనెన్స్ తగ్గించాలన్న ఒత్తిడి రాగానే ముందు ఆగేది అదే. ఆపి కొన్ని గంటలు గడిచేసరికి సూక్ష్మజీవులు చావడం మొదలవుతుంది, తిరిగి పుంజుకోవడానికి రోజులు పడుతుంది. ట్యాంకులో మిగిలిన బురదను ఎవరు, ఎక్కడికి తీసుకుపోతున్నారన్నది అసోసియేషన్ మీటింగులో అడగదగ్గ ప్రశ్న. స్విమ్మింగ్ పూల్ రంగు గురించి గంటసేపు చర్చ జరిగే చోట దీనికి పది నిమిషాలు దొరకాలి.

బాగుపడ్డ చెరువులూ ఉన్నాయి. ఉత్తరాన జక్కూరు చెరువు దగ్గర వరస సరిగ్గా కుదిరింది. పక్కనే బెంగళూరు జలమండలి మురుగు శుద్ధి కేంద్రం. అందులోంచి వచ్చిన నీళ్లు నేరుగా చెరువులో పడవు. ముందు జమ్ముగడ్డి, కలుపుమొక్కలు దట్టంగా ఉన్న లోతులేని మడుగులోకి వెళ్తాయి. అక్కడ నీళ్లు నెమ్మదిస్తాయి, మిగిలిన బురద కూర్చుంటుంది, మొక్కల వేళ్లు భాస్వరం, నత్రజని కొంత తీసుకుంటాయి. మడుగు దాటి చెరువులో కలిసేచోట కొంగలు, నీటికాకులు నిలబడి ఉంటాయి. ఇక్కడ వల వేసి బతికే జాలర్లున్నారు, చుట్టుపక్కల బావుల్లో నీళ్లూరాయి. లోపాలు లేవని కాదు. పక్క కాలువ నుంచి పచ్చి మురుగు కలిసినప్పుడు ఇక్కడా గుర్రపుడెక్క కమ్మేస్తుంది, మడుగులో గడ్డి ఏటా కోయకపోతే అది పనిచేయడం మానేస్తుంది. సర్జాపుర రోడ్డులోని కైకొండ్రహళ్లి చెరువును స్థానికులు పట్టుబట్టి బాగుచేయించుకున్నారు. అక్కడ కూడా ఎప్పటికప్పుడు కాలువ మీద కన్ను వేసి ఉంచాల్సిందే. రెండు చోట్లా తేలింది ఒకటే. ఒక్క చుక్క మురుగూ రానివ్వం అంటే బెంగళూరు చెరువు పాతకాలంలా వేసవికి ఎండిపోవాలి, ఆ సంగతి చుట్టూ ఉన్నవాళ్లు ఒప్పుకోవాలి. ఏడాదంతా నీళ్లు కావాలంటే శుద్ధి చేసిన నీళ్లే దిక్కు, అప్పుడు భాస్వరాన్ని కూడా తీసే శుద్ధి కావాలి, ముందు మడుగు ఉండాలి. రెండూ వద్దు, నీళ్లు మాత్రం తళతళలాడాలి అంటే కుదరదు.

బెళ్లందూరు కథ వర్తూరు అలుగుతో అయిపోదు. దక్షిణ పినాకిని హోసూరు దగ్గర తమిళనాడులోకి అడుగుపెట్టగానే కెలవరపల్లి ఆనకట్ట వస్తుంది. బెంగళూరులో వాన పడితే అక్కడ గేట్ల కింద నురగ కొండలా లేస్తుంది. హోసూరు చుట్టూ ఆ నీళ్లతో పైరు పెట్టే రైతుల్లో తెలుగువాళ్లు చాలామంది. మారతహళ్లి ఫ్లాటులో వాషింగ్ మెషీన్ నుంచి పోయింది, ఇంకో తెలుగింటి మడిలో తేలుతోంది.

కోలారుది ఇంకా చిక్కు. నదీ లేదు, వెయ్యి అడుగులు దాటి దించినా బోర్లలో నీళ్లు పడవు, పడ్డ చోట ఫ్లోరైడ్. ములబాగిలు, శ్రీనివాసపుర వైపు చాలా ఊళ్లలో ఇంటి మాట తెలుగే. 2018లో కోరమంగల–చల్లఘట్ట లోయ పథకం కింద, రెండో దశ వరకు శుద్ధి చేసిన బెంగళూరు మురుగునీటిని పైపుల్లో కోలారు జిల్లాకు పంపడం మొదలుపెట్టారు. రోజుకు 44 కోట్ల లీటర్లు ఇచ్చి నూట ఇరవైకి పైగా చెరువులు నింపాలన్నది లక్ష్యం. ఏళ్లుగా ఎండిపోయిన చెరువుల్లోకి నీళ్లు వచ్చాయని జనం పూజలు చేశారు. కొద్ది వారాలకే, జులైలో, లక్ష్మీసాగర చెరువులో నురగ కనిపించింది. హైకోర్టు కొన్నాళ్లు సరఫరా ఆపించింది, వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది, ఆ తర్వాత నీళ్లు మళ్లీ వచ్చాయి. చెరువులు నిండిన ఊళ్లలో బోర్లు తిరిగి పోస్తున్నాయి, ఎండిన తోటలు పచ్చబడ్డాయి. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడితే కోలారు రైతు ఒప్పుకోడు, ఒప్పుకోనక్కర్లేదు కూడా.

అయితే చెరువులో నిలిచిన నీళ్లు భూమిలోకి ఇంకుతాయి. ఇంకిన నీళ్లే తాగునీటి బోరులోకి వస్తాయి. రెండో దశ శుద్ధి కుళ్లే పదార్థాన్ని తగ్గిస్తుంది, నత్రజనిని, భాస్వరాన్ని, మందుల అవశేషాలను తీసేయడం దాని పని కాదు. ఎక్కడైనా ఒక ఫ్యాక్టరీ నీళ్లు మురుగులో కలిస్తే భారలోహాలూ దాన్ని దాటి వచ్చే వీలుంది. అందుకే కోలారు, చిక్కబళ్లాపురాల్లో ఉద్యమించినవాళ్లు మూడో దశ శుద్ధి కావాలని మొదటి నుంచీ అడుగుతున్నారు. ఇసుక, పొరల వడపోత, క్రిములను చంపే ప్రక్రియ కలిసిన ఆ దశకు ఖర్చు ఎక్కువ, నిజమే. ఆ ఖర్చు బెంగళూరు నీటి బిల్లులో పడాలా, ప్రభుత్వ ఖజానా నుంచి రావాలా అన్నది తేల్చుకోవచ్చు. తేలేలోగా కనీసం పంపే నీటిలో నైట్రేటు, భాస్వరం, భారలోహాలు ఎంతున్నాయో, చెరువు పక్క ఊళ్లలో తాగునీటి బోర్లలో ఎంతుందో నెలనెలా కొలిచి, ఆ అంకెల్ని కన్నడంలోనూ తెలుగులోనూ పంచాయతీ గోడ మీద రాయించవచ్చు. దానికి కోట్లు అక్కర్లేదు, జిల్లా ప్రయోగశాల ఉంటే సరిపోతుంది.